మూడు చిటికెలు, ఒక మెట్టు

సంచి చిన్నది, సర్దాల్సినవి ఎక్కువ. ప్రిసిల్లా ఖాకీ చొక్కాని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"లైన్‌మన్ చొక్కా గింత నీట్‌గ ఉంటే ఎవడు నమ్ముతడే?" అన్నాడు శాంతికుమార్ గుమ్మంలో నిలబడి. "నలుపు. జెర గ్రీజు గూడ పూయి."

ఆమె నలిపింది. టార్చి, తువ్వాలు, రెండు బనీన్లు, బీపీ మాత్రలు పెట్టింది. చెవిటి మిషన్‌లా కనిపించే ఇయర్‌పీస్‌ని దూదిలో చుట్టి పక్క జేబులో పెట్టింది. టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో పిస్తోలు, పై గిన్నెలో టమాట రైస్.

"తారుమారు చేయకు," అన్నాడు అన్న. "ఆకలేసి మూత తీస్తే తుపాకి కనబడొద్దు."

"మాత్రలు రాత్రి అన్నం తిన్నంక. మర్చిపోకు."

"ఒక్క రాత్రే ప్రిస్సీ. రేపు మధ్యాహ్నానికి ఇంట్ల ఉంట."

మల్కాజ్‌గిరి కాలనీలో అందరికీ తెలిసినంత వరకు శాంతికుమార్ పార్సిల్ ఆఫీసులో గుమస్తా, పెళ్లి చేసుకోని మనిషి. చెల్లెలు ప్రిసిల్లా పాలిటెక్నిక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చెప్పే మాస్టరమ్మ, భర్త పోయాక అన్న దగ్గరికొచ్చి ఉంటోంది. ఇద్దరూ పేరు లేని ఒక ఆఫీసుకి పనిచేస్తారన్న సంగతి ఎదురింటివాళ్లకే కాదు, వాళ్ల చర్చి పాస్టరు గారికి కూడా తెలియదు.

వెళ్లేవాళ్లని ఊరికే చూస్తూ నిలబడటం ప్రిసిల్లాకి చేతకాదు. భర్తని అలా ఒకసారి ఊరికే చూసి లోపలికొచ్చింది, ఆ చూపే ఆఖరిదయింది. అప్పట్నుంచి ఎవరు గడప దాటుతున్నా నీళ్లు తాగావా, కండువా తీసుకున్నావా అని ఏదో ఒకటి అడుగుతూ గేటు దాకా వెంటపడుతుంది. అడగటానికి మాట మిగిలి ఉన్నంతసేపు మనిషి వెళ్లనట్టే లెక్క.

బయట ఆటో హారన్ కొట్టింది.

"ప్రార్థన చెయ్యి. చిన్నది చెయ్యి, మీటరు తిరుగుతుంది," అన్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. చిన్నదే చేసింది. కళ్లు తెరిచేసరికి అన్న చెప్పులేసుకుంటున్నాడు.

"గొడుగు?" అంది.

"మే నెలల గొడుగెందుకే, పిచ్చిదానా!" ఆటో మలుపు తిరిగింది.

* * *

పేరు లేని ఆఫీసు సికింద్రాబాద్‌లో ఒక మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో ఉంది. ముందు గదిలో దుమ్ముపట్టిన మిషన్లు, వెనక గదిలో పెద్ద స్క్రీన్. చీఫ్ రాఘవేందర్ తక్కువ మాట్లాడే మనిషి. ఆ సాయంత్రం ఇంకా తక్కువ మాట్లాడాడు.

"వారం కింద బోయిగూడ పైన వాల్వు గదిలో నీళ్ల బోర్డు లైన్‌మన్ సదాశివ శవం దొరికింది. నిచ్చెన మీంచి జారిపడ్డడని రాసిండ్రు. మెడ వెనక దెబ్బ ఉంది. జారినోనికి అక్కడ తగలదు."

"చంపిండ్రా సార్?"

"చంపిండ్రు. ఏదో చూడకూడనిది చూసిండు. నిన్న విదేశానికి పోయిన మెసేజ్ ఒకటి మనోళ్లు పట్టుకున్నరు." స్క్రీన్ మీద ఒక్క వాక్యం వెలిగింది. ఇంపల్స్ మూడూ అయిపోయాయి, శుక్రవారం స్టెప్.

"శుక్రవారమంటే రేపు. మిగతా ఆఫీసర్లందరూ స్టెప్ అంటే డాన్సా అని అడిగిండ్రు. అందుకే నిన్ను పిలిచిన."

తర్వాత ఆయన చూపించింది బోయిగూడ మంచినీళ్ల మెయిన్ పైపులో ప్రెషర్ గ్రాఫ్. నీళ్లు వదిలిన మూడు రోజుల్లో, మూడుసార్లు, గీత సూదిలా పైకి లేచింది. లేచిన ప్రతిసారీ కింద మీద ఊగి, ఊగి, చల్లబడింది.

ప్రిసిల్లా కుర్చీ ముందుకి జరుపుకుంది.

"సార్, మీరు పుచ్చకాయ ఎట్ల కొంటరు?"

"ఏందీ?"

"వేలితో ఒక్క దెబ్బ కొడతరు. చిటికె వేసినట్టు. కాయ మోగుతది. ఆ మోత విని లోపల పండిందా, పుచ్చిందా చెప్తరు. ఇంపల్స్ అంటే అంతే. క్షణం సేపు ఒక కుదుపు. కుదుపు పోయినా సిస్టమ్ మోగుతనే ఉంటది. ఆ మోగుడు రికార్డు చేసుకుంటే చాలు, ఆ సిస్టమ్ ఏ దెబ్బకు ఎట్ల ఆడుతదో ముందే లెక్క కట్టొచ్చు. వీళ్లు మన పైపుకి మూడుసార్లు చిటికె వేసి విన్నరు."

"మరి స్టెప్?"

"కాయ మీద కాలు పెట్టి, తియ్యకుండ నిలబడుడు."

ఆమె తెల్లబోర్డు మీద ఒక మెట్టు గీసింది. ఆ మెట్టు మీద ఇంకో గీత. మెట్టు కన్నా పైకి ఎగిరి, దిగి, అటూ ఇటూ ఊగి చివరికి మెట్టు ఎత్తున సర్దుకునే గీత.

"నీళ్ల దారి ఒక్కసారిగ మూసి అట్లనే పట్టుకుంటే ప్రెషర్ గిట్ల పెరుగుతది సార్. ఈ మొదటి ఎగురుడుంది చూడండి, ఓవర్‌షూట్. పగిలేది ఇక్కడనే."

"ఆపేదెట్ల?"

"మెట్టుకి ఎదురు మెట్టు వేయాలె. మూసింది వెంటనే తెరిస్తే మెట్టు కాస్తా చిటికె అయితది. మోగి ఊరుకుంటది. కానీ తొందరగ తెరవాలె. మొదటి ఎగురుడు మన కోసం ఆగదు."

ఆ పైపు ఎక్కడ ఉందో ఇద్దరికీ తెలుసు. రోడ్డు అంచున పాత రాతి గోడ, గోడ నెత్తిన పైపు, గోడ కింద పల్లంలో కమలాబాయి గల్లీ అని పిలిచే ఇరుకు సందు. గోడకీ ఇళ్లకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటు. పైపు పగిలితే గోడతో సహా వచ్చి ఇళ్ల మీద పడుతుంది.

"నీళ్లే వదలకుండ ఆపేద్దాం సార్."

"ఆపుతే వీళ్లు ఇంకో ఊరికి పోతరు. ఏ ఊరో మనకు తెల్వదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది శాంపుల్, ప్రిసిల్లా. బాంబు లేకుండ ఒక బస్తీని ముంచి చూపించి, ఆ లెక్కను అమ్ముకుంటరు. కొనేటాయన బేగంపేట హోటల్లో దిగిండు. ముఠావాళ్లు గీత కదలనిదే బయటికి రారు. రేపు పట్టుకోవాలె. మీ అన్న వాల్వు గదికాడ, నువ్వు గల్లీలో. ముందు కల్పలతను కలువు."

* * *

కల్పలత పెళ్లిళ్లూ కాన్ఫరెన్సులూ ఏర్పాటు చేసే మనిషి. ఆకుపచ్చ పట్టు చీర, చేతిలేని జాకెట్టు, లోపల కూర్చున్నా తియ్యని నల్ల కళ్లద్దాలు. ఆమె బేగంపేట హోటల్ కాఫీ షాపులోకి రాగానే వెయిటర్లు ట్రేలు పట్టుకుని దారి మర్చిపోయారు. ఆ విదేశీ ముఠాకి ఈ ఊళ్లో గదులు బుక్ చేసేది ఆమే. ఆ గదుల సంగతి ఆఫీసుకి చేరవేసేదీ ఆమే.

ప్రిసిల్లా పక్క కుర్చీలో కూర్చుని కోడ్ మాట అడిగింది. "ఈ ఎండల్లో మబ్బెక్కడన్న కనబడిందా?"

"మౌలాలి గుట్ట మీద ఒకటి ఆగింది," అంది కల్పలత కాఫీ కలుపుతూ. ఆ తర్వాత పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది. "రేపు పొద్దున నీళ్లు వదిలాక ఒక మనిషి వాల్వు గదిలోకి దిగుతాడు. మెయిన్ వాల్వు ఒక్కసారిగా మూసేస్తాడు. మీ మనిషిని గది లోపలే ఉంచు. పైన నిలబడితే వాడు దూరం నుంచే చూసి పారిపోతాడు."

"లోపలే?"

"లోపలే, డియర్."

ప్రిసిల్లా ఆమె కప్పు పక్కకి జరిపింది. "మీరు అసలు ఎవరి మనిషి?"

కల్పలత మొదటిసారి కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నలుపు. నిద్రపోయి చాలా రోజులైన కళ్లు.

"నేను ఎవరికీ అబద్ధం చెప్పను. నిజంలో సగం వాళ్లకి, సగం మీకు. మొత్తం చెప్పిన రోజు రెండు వైపులా నాతో పని అయిపోతుంది. అప్పుడు ఎవరు ముందు కాలుస్తారో చెప్పలేను." కప్పు సగంలోనే వదిలేసి లేచింది.

ఆ రాత్రి అన్న ఫోన్ చేశాడు. మాత్రలు వేసుకున్నాడట. టమాట రైస్‌లో ఉప్పు తక్కువైందట.

"లోపల ఉండమన్నది. నాకు మంచిగనిపిస్తలేదు అన్నా."

"నీకు నేను పాల ప్యాకెట్‌కి పోయినా మంచిగనిపించదు. పండుకో," అన్నాడు.

* * *

శుక్రవారం పొద్దున బోయిగూడ గల్లీలో ఎండ ఇంకా కిందికి దిగలేదు. ప్రిసిల్లా నీలం నేత చీర కట్టుకుంది, మెడలో క్లోరిన్ టెస్ట్ చేసేవాళ్ల ఐడీ కార్డు, నుదుట పెద్ద బొట్టు. వేషం కట్టిన రోజున తప్ప ఆమె బొట్టు పెట్టదు. చేతిలో ఉన్న చిన్న సీసాలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు వస్తుంది. సీసా పైకి చూపించేందుకు. అసలు పనిముట్టు నల్లా మూతికి బిగించే ఇనుప జాలీ. ఆ జాలీలో ప్రెషర్ సెన్సర్ ఉంది. గీత ఆమె ఫోన్‌లో కనిపిస్తుంది.

ఆ జాలీని ఎవరి నల్లాకి బిగించాలన్నా ముందు కమలాబాయిని దాటాలి. గల్లీకి ఆవిడే సర్పంచి, పోలీసు, జడ్జి. గుమ్మం ముందు స్టూలేసుకుని కూర్చుంది.

"ఏం టెస్టమ్మా? నీళ్లు రెండ్రోజులకొక్కసారి ఇస్తరు, అండ్ల గూడ సగం మీ సీసాలకేనా?"

"జెరన్నే పట్టుకుంట అమ్మా. జాలీ సుత కొత్తది పెడ్త, ఉత్తగనే."

"ఉత్తగ అంటే భయమైతది బిడ్డా. సర్కారు ఉత్తగ ఇచ్చింది జరమొక్కటే."

పైన గాలి బుసకొట్టింది, నల్లాలు దగ్గాయి, నీళ్లొచ్చాయి. ఆ వెంటనే గల్లీ గల్లీ అంతా ఒక్క మోత. ప్రతి ఇంట్లోంచీ మోటరు. నల్లా పైపుకి నేరుగా మోటరు తగిలించి నీళ్లు లాగటం తప్పని ఊళ్లో అందరికీ తెలుసు. లాగకపోతే పై అంతస్తుకి చుక్క ఎక్కదనీ అందరికీ తెలుసు. కమలాబాయి మోటరు స్టూలు కింద, గోనెపట్టా కప్పుకుని గుర్రుమంటోంది.

చెవిలో అన్న గొంతు వినిపించింది. "ప్రిస్సీ, గది లోపల ఉన్న. ఎవ్వడు రాలే. కానీ ఒక ముచ్చట. గీ మెయిన్ వాల్వు చక్రం తిప్పి చూసిన. సగం మూయనీకే చేతులు పడిపోయేటట్టున్నయ్. ఒక్కసారిగ మూసుడు ఎవని తరం గాదు."

ప్రిసిల్లా ఆగిపోయింది. మెల్లగా మూస్తే అది మెట్టు కాదు, ఏటవాలు దారి. పైపు దానికి నిదానంగా అలవాటుపడుతుంది. మరి ఆ మూడు సూదిమొనలు ఎక్కణ్నుంచి వచ్చాయి? క్షణంలో నీళ్ల దారి మూసి, క్షణంలో తెరిచింది ఎవరు?

"ఏందమ్మా, జాలీ చేత పట్టుకొని నిలబడ్డవ్?" కమలాబాయి అనుమానంగా చూసింది. "నువ్వు స్క్వాడ్ మనిషివైతే గాదు గద? మోటర్లు పట్టేటోళ్లు గిట్లనే వేషమేసుకొని వస్తరు. ఈ నడుమ మూడుమాట్ల పరేషాన్ చేసిండ్రు."

"మూడుమాట్లా?"

"అవ్. గ్రూపుల మెసేజ్ వచ్చుడు, స్క్వాడ్ వచ్చింది మోటర్లు బంద్ చెయ్యుండ్రి అని. మేం ఉరికి ఉరికి బంద్ చేసుడు. ఫోన్ చూస్తే మెసేజే లేదు, డిలీట్! ఎవనికో మజాక్ అయింది. మళ్ల షురూ చేసుడు. ఒక్క మా గల్లీకే గాదు, పైన కింద అన్ని గ్రూపులకు వచ్చిందట."

ప్రిసిల్లా స్టూలు కింది మోటరు వైపు చూసింది.

వాల్వు కాదు. వాల్వు ఉత్త ఎర. ఈ ఊళ్లో క్షణంలో మూసుకునే తలుపు ఇనుపది కాదు. వేల మోటర్ల మీద ఉన్న వేల చేతులు. స్క్వాడ్ అన్న ఒక్క మాటకి ఇంత ఐకమత్యంగా కదిలే జనం ఇంకెక్కడా ఉండరు. మెసేజ్ పెట్టి తీసేస్తే చిటికె. పెట్టి తియ్యకపోతే మెట్టు. చాపకింద నీరులా వచ్చి గ్రూపుల్లో కూర్చున్నారు. బాంబు అక్కర్లేదు, హ్యాకింగ్ అక్కర్లేదు. బస్తీ తన చేత్తోనే తన నెత్తిన గోడ పడేసుకుంటుంది.

"అమ్మా, ఇయ్యాల మళ్ల మెసేజ్ వస్తది. మీరు మోటరు..."

కమలాబాయి ఫోన్ టింగుమంది. ఎదురింట్లో టింగుమంది. గల్లీ పొడుగునా పిట్టలు లేచినట్టు టింగు టింగుమని మోగాయి.

"స్క్వాడ్!" ఎవరో మేడ మీంచి అరిచారు. "ఇయ్యాల నిజమేనట! పక్క గల్లీల సామాన్ ఎత్కపోతున్నరట!"

మోటర్ల మోత తెగిపోయింది. ఒక్కొక్కటిగా కూడా కాదు, అన్నీ ఒక్కసారే. చెవులు గియ్యిమనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గోడ పైన పైపు సన్నగా మూలిగింది. ప్రిసిల్లా జాలీ బిగించి ఫోన్ చూసింది. గీత లేస్తోంది. నిన్న బోర్డు మీద తను గీసిన గీతే.

"అన్నా! మూలకు చిన్న వాల్వుంటది, కుక్కర్ విజిల్ లాంటిది. ప్రెషర్ పెరిగితే దానంతటదే తెరుచుకోవాలె. తెరుచుకుందా?"

"ఆగు." టార్చి తీసిన చప్పుడు. "లేదు. ప్రిస్సీ, దీన్ని పట్టీ వేసి బోల్టులతోని బిగించిండ్రు. పైన కొత్త రంగు. సదాశివ చూసింది గిదే అయ్యుంటది."

"విప్పగలవా?"

"విప్పుత. పాన చేతిలనే ఉంది." ఒక క్షణం ఆగాడు. "నీళ్లు బయటికి పోయే గొట్టం నోట్ల సిమెంటు కొట్టిండ్రే."

గొట్టం మూసి ఉంటే, వాల్వు తెరిచినప్పుడు నీళ్లు ఎటు వస్తాయో ఇద్దరికీ తెలుసు. గది బావి లాంటిది. పైకి ఒకటే ఇరుకు నోరు, ఇనుప నిచ్చెన.

ప్రిసిల్లా కమలాబాయి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, స్క్వాడ్ లేదు. అబద్ధం. మోటరు షురూ చెయ్యండి, గ్రూపుల చెప్పండి, అందర్ని షురూ చెయ్యమనండి. పైపు పగుల్తది, ఈ గోడ మీ మీద పడ్తది!"

"అరే, చెయ్యి ఇడువు! స్క్వాడ్ లేదని నీకెట్ల ఎరుక? మేం షురూ చెయ్యంగనే నువ్వే పట్టుకుంటవ్. గింత తెల్వితక్కువోళ్లమా?" కమలాబాయి మోటరు మీద కాలు పెట్టి నిలబడింది.

చెవిలో అన్న. "లెక్క చెప్పు ప్రిస్సీ. చెల్లెలు మాట గాదు, లెక్క చెప్పు. నేను పైకెక్కి నిలబడి, మోటర్లు మళ్ల షురూ అయినంక దిగి విప్పితే?"

ఆమె గీత చూసింది. ఎంతసేపట్లో నెత్తికెక్కుతుందో కళ్లతోనే కొలిచింది. ఇన్ని ఇళ్లని నమ్మించటానికి ఎంతసేపు పడుతుందో కొలిచింది. విద్యార్థులకి ఇరవై ఏళ్లు చెప్పిన పాఠం, ఎన్నిసార్లు తుడిచినా బోర్డు మీద అదే జవాబు.

"మోటర్లు షురూ అయ్యేలోపలే మొదటి ఎగురుడు వస్తది అన్నా."

"గోడ ఆగుతదా?"

గోడ రాళ్ల మధ్య సున్నం అప్పటికే పిండిలా రాలుతోంది. పక్కింటి గుమ్మంలో ఒకావిడ ఏమీ తెలియక బియ్యం చెరుగుతోంది.

"ఆగదు."

"మరి విప్పాలె గద."

తను చెప్పకపోతే ఆయన ఆగుతాడేమో అని ఒక్క క్షణం అనుకుంది. ఆ క్షణంలో గీత ఇంకొంచెం లేచింది.

"విప్పు అన్నా," అంది.

"విప్పుతున్న. నువ్వు ఏడువకు, బొట్టు కారుతది."

కమలాబాయి మోటరు మీంచి కాలు తీసింది. "ఎవలు బిడ్డా అది?"

"మా అన్న. పైన వాల్వు గదిల ఉన్నడు. నీళ్లు ఆయన మీదికి వదులుతున్నడు, మీ మీదికి రాకుండ."

కమలాబాయి ఆమె మొహంలోకి చూసింది. వేషం ఏదో, కన్నీళ్లేవో ఆ వయసు మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. కాలితోనే మోటరు స్విచ్చి నొక్కింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గల్లీ అదిరేలా వాయిస్ మెసేజ్ మొదలుపెట్టింది.

"ఓ లచ్చవ్వా, ఓ స్వర్ణలతా, వినుండ్రి! స్క్వాడ్ లేదు గిక్వాడ్ లేదు, అంతా ఝూట్! ఇంక జెరసేపట్ల నీళ్లు బంద్, మళ్ల నాలుగు రోజులు రావట! పట్టుకునేటోళ్లు పట్టుకోండ్రి, తర్వాత కమలాబాయి చెప్పలేదనొద్దు! మీ అక్కోళ్ల గ్రూపులకు సుత పంపుండ్రి!"

పైపు పగుల్తుందని చెబితే జనం గుమిగూడి పైకి చూస్తూ నిలబడేవాళ్లు. నీళ్లు ఆగిపోతాయంటే ఎవరూ నిలబడరు. ఆ మర్మం ప్రిసిల్లాకి తట్టలేదు, కమలాబాయికి తట్టింది. ఎదురింటి మోటరు గుర్రుమంది. ఆ పక్కది. మేడ మీద రెండు.

కానీ గీత అప్పటికే నెత్తికి వచ్చేసింది. గోడ మధ్యలో ఒక రాయి ముందుకి జరిగింది. దాని చుట్టూ తడి ఊరింది.

చెవిలో ఇనుము మీద ఇనుము జారిన చప్పుడు. అన్న దమ్ము పట్టిన చప్పుడు. ఆ తర్వాత చప్పుడు కానిది, చెవిలో పట్టనంత పెద్దది.

గీత తెగి కిందికి పడింది.

జరిగిన రాయి జరిగినచోటే ఆగింది. గల్లీ అంతా మోటర్లు మోగుతున్నాయి. పై గల్లీలోనూ, ఆ పై గల్లీలోనూ. ఎదురు మెట్టు పడింది. ఫోన్‌లో గీత ఒకసారి లేచి, దిగి, ఇంకోసారి కొంచెం లేచి, దిగి, పుచ్చకాయ మోత ఆగినట్టు సద్దుమణిగి చదునుగా సాగింది.

"అన్నా," అంది ప్రిసిల్లా. "అన్నా, చాలు. ఇంక మూయొచ్చు. పైకి రా."

చెవిలో నీళ్ల చప్పుడు. కాసేపటికి అది కూడా లేదు.

కమలాబాయి ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టింది. బిందెలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి ఇచ్చింది.

* * *

బేగంపేట హోటల్లో కొనడానికొచ్చిన మనిషి ల్యాప్‌టాప్ ముందు కూర్చునే పట్టుబడ్డాడు. స్క్రీన్ మీద రెండు గీతలు. ఒకటి ముఠా లెక్క ప్రకారం లేవాల్సింది, ఒకటి నిజంగా లేచి పడిపోయింది. సంకెళ్లు వేస్తున్నప్పుడు కూడా పడిపోయిన గీతవైపే చూస్తూ, ఈ రెండో కుదుపు ఎవరిది, మాకిచ్చిన మోడల్లో లేదే అని అడిగాడట. రాఘవేందర్ చెప్పలేదు. గల్లీ గ్రూపుల్లోకి కిరాయిదార్లుగా చేరిన ఐదుగురూ సాయంత్రానికి దొరికారు. సదాశివని కొట్టినవాడు వాళ్లలోనే ఉన్నాడు.

కల్పలత పారిపోలేదు. అదే కాఫీ షాపులో, అదే కుర్చీలో కూర్చుని ఉంది. ప్రిసిల్లా వెళ్లి ఎదురుగా నిలబడింది. వాల్వు గది దగ్గరికి పరుగెత్తినప్పుడు తడిసిన చీర ఇంకా ఆరలేదు.

"మా అన్నను లోపల ఉంచమన్నది నువ్వే. ఆ చిన్న వాల్వు కట్టేసిండ్రని నీకు ఎరుకే. గొట్టం మూసిండ్రని ఎరుకే."

"ఎరుకే."

"సంపనీకే ఉంచమన్నవా?"

"ఆ బోల్టు విప్పే మనిషి పైన ఉంటే లాభం లేదు, డియర్. లోపలే ఉండాలి." కల్పలత ఈసారి కళ్లద్దాలు పెట్టుకోలేదు. "మొత్తం చెప్పి ఉంటే మీరు ఆయన్ని పంపేవారా?"

ప్రిసిల్లా దగ్గర ఉన్న జవాబు పైకి అనేది కాదు. ఆడపోలీసులు వచ్చి కల్పలతని తీసుకుపోయారు. ఆమె ఎవరి మనిషో ఆఫీసు ఫైళ్లలో ఇప్పటికీ తేలలేదు.

మరునాడు పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. బోయిగూడలో పైపు మరమ్మతుల వల్ల నీళ్లు ఆలస్యమవుతాయని, ప్రజలు సహకరించాలని. ఆ తర్వాతి వారం స్క్వాడ్ నిజంగానే వచ్చింది. ముందు చెప్పేవాళ్లు లేక గల్లీ మొత్తం దొరికిపోయింది. కమలాబాయి మోటరుని జీపులో వేసుకుని పోయారు.

వాల్వు గదిలో నీళ్లు తోడటానికి శనివారం మధ్యాహ్నం దాకా పట్టింది.

శాంతికుమార్ ఇంటికి తిరిగి రాలేదు. ఆయన పోయింది 2023 మే పన్నెండు, శుక్రవారం పొద్దున.